కుళాయి నీళ్లలో పీఫాస్ ఉందట, పాపకి పాలివ్వచ్చా?

ప్రశ్న: మేడం, మేం న్యూజెర్సీలో ఉంటాం. ఈ ఇంటికి వచ్చి మూడేళ్లయింది. పోయిన నెల నీళ్ల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కుళాయి నీళ్లలో పీఎఫ్‌ఓఏ అనే రసాయనం 22 పీపీటీ ఉందట, రాష్ట్రం పెట్టిన హద్దు 14 అట. మా పాపకి నాలుగో నెల, నా పాలే తాగుతోంది. కడుపుతో ఉన్నన్నాళ్లూ ఈ నీళ్లే తాగాను. పాలు మాన్పించి డబ్బా పాలు పట్టమని ఒక స్నేహితురాలు అంటోంది. పురిటికి వచ్చిన మా అమ్మ, మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు, "ఇది గూడ మన ఫ్లోరైడ్ నీళ్ల లెక్కనే గదా బిడ్డా" అని రోజూ నీళ్లు కాచి చల్లారుస్తోంది. మా ఆయన బాటిళ్ల కేసులు మోసుకొస్తున్నారు, ఇంట్లో ఉన్న నాన్‌స్టిక్ గిన్నెలన్నీ తీసి గరాజ్‌లో పెట్టారు. నాకు రెండేళ్ల నుంచి థైరాయిడ్ ఉంది, అదీ దీనివల్లేనా? రక్తపరీక్ష చేయించుకోవాలా? రెండేళ్లలో హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటున్నాం, వచ్చేస్తే ఈ బాధ తప్పుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం ఒక్కటే అని చదువుతుంటేనే తెలిసిపోయింది. అందుకని దాంతోనే మొదలుపెడతాను. పాపకి పాలివ్వండి. మాన్పించొద్దు.

మీ నీళ్లలో ఉన్న పీఎఫ్‌ఓఏ పీఫాస్ అనే రసాయనాల కుటుంబంలోది. పీఫాస్ తల్లి పాలలోకి వస్తుంది, అది నిజం. మీ దగ్గర దాచను. కడుపులో ఉండగా మాయ దాటి కూడా బిడ్డను చేరుతుంది. అయినా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు పాలు మాన్పించమని చెప్పడం లేదు. తల్లిపాల వల్ల బిడ్డకు వచ్చే మేలు ఈ ముప్పు కంటే చాలా ఎక్కువని అన్నీ లెక్కవేసుకునే ఆ మాట చెబుతున్నాయి. మీ స్నేహితురాలు ఒక సంగతి మరిచిపోయినట్టున్నారు. డబ్బా పాల పొడిని దేంతో కలుపుతారు? అదే కుళాయి నీళ్లతో. అలా పడితే పీఎఫ్‌ఓఏ ఎటూ పాప కడుపులోకే పోతుంది, పోయేది మీ పాల బలం మాత్రమే. ఏ కారణం చేతనైనా పొడి పాలు పట్టాల్సి వస్తే ఫిల్టర్ చేసిన నీళ్లతోనే కలపండి. అది ఏ ఫిల్టరో కిందికి వచ్చాక చెబుతాను.

ఇంకో మాట, ఇది అమ్మమ్మగారి కోసం. మన ఇళ్లలో చంటిపిల్లలకి ఎండాకాలం గొంతు ఆరుతుందని కాచి చల్లార్చిన నీళ్లు చెంచాతో పట్టడం అలవాటు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తాగే బిడ్డకి చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు. ఈ రసాయనం సంగతి లేకపోయినా అది అంతే. మీ ఇంట్లో ఇప్పుడు మరీ ముఖ్యం.

ఇక ఫ్లోరైడ్ మాట. మీ అమ్మగారి మాట చదివి కాసేపు ఆగిపోయాను. నేను ఉద్యోగమంతా నీళ్ల పరీక్ష ల్యాబులోనే చేశాను, అందులో ఎక్కువ భాగం ఆ మండలాల బోరు నీళ్లతోనే గడిచింది. సీసా మీద ఊరి పేరు చూస్తే రీడింగు ఎంత వస్తుందో ముందే తెలిసిపోయేది. గోధుమరంగు చారలున్న పళ్లు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే ఆడపిల్లలని, వంగిన కాళ్లతో బడికొచ్చే పిల్లలని చూసిన మనిషికి ఫ్లోరిన్ అనే మాట వినగానే గుండె జారడం సహజం. అమ్మగారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. కానీ ఇది అది కాదు.

ఫ్లోరైడ్ అంటే రాయిలో ఉండే ఉప్పు. మన నేల కింది గ్రానైట్ రాళ్లలోంచి ఊరి బోరు నీళ్లలో కలుస్తుంది. మనిషి చేసింది కాదు. ఒంట్లోకి వెళ్లిన దాంట్లో పెద్దవాళ్లకైతే సుమారు సగం మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకల్లోనూ పళ్లలోనూ కూరుకుంటుంది. పీఫాస్ అనేది ఒక్క పదార్థం కాదు, వేల రసాయనాల కుటుంబం. ప్రకృతిలో పుట్టింది కాదు, ఫ్యాక్టరీలో చేసింది. కార్బన్ గొలుసుకి ఫ్లోరిన్ పరమాణువుల్ని గట్టిగా తగిలిస్తే వచ్చేది. ఈ కార్బన్, ఫ్లోరిన్ ముడి కర్బన రసాయనశాస్త్రంలోకెల్లా గట్టి ముడుల్లో ఒకటి. ఎండకి విడదు, వానకి విడదు, మట్టిలో సూక్ష్మజీవులకి విడదు, మన కాలేయానికీ విడదు. శాశ్వత రసాయనాలు అని పేరొచ్చింది అందుకే.

రెండింటి మోతాదుల్లో తేడా అర్థం కావాలంటే ఒక చెరువు ఊహించుకోమనండి అమ్మగారిని. పన్నెండెకరాల చిల్లర చెరువు, మనిషి నడుము దాకా, అంటే మీటరు లోతు నీళ్లు. ఆ చెరువు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. మన దేశంలో వేరే దారి లేనప్పుడు తాగనిచ్చే ఆఖరి హద్దు అది. అప్పుడు చెరువు మొత్తంలో 75 కిలోల ఫ్లోరైడ్ ఉన్నట్టు, బస్తాన్నర సరుకు. అదే చెరువులో మీ కుళాయికి వచ్చిన 22 పీపీటీ లెక్కన పీఎఫ్‌ఓఏ ఎంతుంటుందో తెలుసా? గ్రాముకి కాస్త ఎక్కువ. చిటికెడు ఉప్పు. పీపీటీ అంటే లక్ష కోట్ల పాళ్లలో ఒక పాలు, ఆ చెరువులో ఒక్క చుక్క.

ఇంత చిన్న అంకె చూసి "ఓస్, ఇంతేనా" అనుకోవద్దు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. పీఎఫ్‌ఓఏ ఆకారం మన కొబ్బరినూనెలో ఉండే ఎనిమిది కార్బన్ల కాప్రిలిక్ ఆమ్లం లాంటిదే, హైడ్రోజన్ల చోట ఫ్లోరిన్లు కూర్చున్నాయి, అంతే. ఒళ్లు దాన్ని కొవ్వు ఆమ్లం అనుకుని మోసపోతుంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని తిప్పుతుంది. కిడ్నీ బయటికి పంపబోయి, పనికొచ్చే వస్తువనుకుని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. అందుకే ఒంట్లో చేరిన పీఎఫ్‌ఓఏ సగానికి తగ్గడానికి రెండు మూడేళ్లు పడుతుంది. పీఎఫ్‌ఓఎస్ అనే దాని తోబుట్టువుకి ఇంకా ఎక్కువ. రోజూ కాస్త కాస్త లోపలికి, ఏళ్ల తరబడి బయటికి పోకుండా. నీళ్లలో ఎంత ఉంటే, ఆ నీళ్లు ఏళ్లపాటు తాగిన మనిషి రక్తంలో దానికి వందరెట్లకు పైగా చేరుతుంది.

అందుకే నేను ఈ విషయంలో ఎవరు అడిగినా మొదట చెప్పేది ఒక్కటే. ఇది ఒక గుక్కతో వచ్చే విషం కాదు, ఏళ్ల మీద పేరుకునే బాకీ. నిన్న తాగిన గ్లాసు గురించి కుమిలిపోయి లాభం లేదు. రేపటి నుంచి పెద్ద ధార ఎక్కడుందో చూసి అక్కడ కట్టడి చేస్తే, మిగతాది ఒళ్లే మెల్లగా తీర్చుకుంటుంది. మీ ఇంట్లో పెద్ద ధార నీళ్లు. పెనాలు కాదు.

ఇది ఎలా మొదలైందో కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు మీది కాదని మీరు నమ్మాలి. 1938 ఏప్రిల్ 6న డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సిలిండర్ తెరిస్తే గ్యాసు రాలేదు. కోసి చూస్తే లోపల జారుడుగా తెల్లటి పొడి. అదే టెఫ్లాన్. ఆ ల్యాబు ఉన్నది మీ న్యూజెర్సీలోనే, డీప్‌వాటర్ అనే ఊళ్లో. తర్వాత వెస్ట్ వర్జీనియాలో పార్కర్స్‌బర్గ్ దగ్గరి ఫ్యాక్టరీలో 1951 నుంచి ఆ టెఫ్లాన్ తయారీకి సాయంగా పీఎఫ్‌ఓఏ వాడారు. వ్యర్థాలు ఒహాయో నదిలోకి, చెత్తగుంటల్లోకి, గాలిలోకి వెళ్లాయి. విల్బర్ టెనెంట్ అనే రైతు తన ఆవులు ఒక్కొక్కటే పడి చచ్చిపోతుంటే, చచ్చినవాటిని తనే కోసి వీడియో తీసి, 1998లో రాబ్ బిలట్ అనే లాయరు దగ్గరికి పట్టుకెళ్లాడు. కంపెనీ లోపలి కాగితాలు అలా బయటపడ్డాయి. తమ దగ్గరున్న సమాచారాన్ని కంపెనీ ఏళ్ల తరబడి జనానికి చెప్పలేదని ఆ కాగితాలే సాక్ష్యం. నాకు ఈ కథలో ఇప్పటికీ మింగుడుపడనిది అదే. పశువుల కాపరికి ఆవుల పళ్ల రంగు చూసి తెలిసిపోయిన సంగతిని, ల్యాబులున్న కంపెనీ చెప్పకుండా దాచింది.

ఆ కేసు రాజీలో భాగంగా చుట్టుపక్కల 69,000 మంది రక్తం ఇచ్చారు. ముగ్గురు నిపుణుల బృందం ఏళ్లపాటు పరిశీలించి 2012 నాటికి ఆరు జబ్బులతో పీఎఫ్‌ఓఏకి సంబంధం ఉండే అవకాశం ఎక్కువని తేల్చింది. కొలెస్ట్రాల్ పెరగడం, పేగుల్లో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, థైరాయిడ్ జబ్బు, గర్భిణుల్లో బీపీ, కిడ్నీ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్. 2023 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం పీఎఫ్‌ఓఏని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. పిల్లల విషయంలో ఎక్కువ పట్టించుకునేది ఇంకోటి ఉంది, టీకాలు. ఫారో దీవుల పిల్లల మీద 2012లో వచ్చిన పరిశోధనలో, ఐదేళ్ల వయసులో రక్తంలో ఈ రసాయనాలు రెట్టింపు ఉన్న పిల్లలకి ఏడేళ్లకి ధనుర్వాతం, డిఫ్తీరియా టీకాల రక్షణ సగానికి దగ్గరగా తగ్గి కనబడింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2020లో తన హద్దుని పెట్టుకున్నది పిల్లల్లో ఈ టీకా స్పందన తగ్గడాన్ని చూసే. ఇది చదివి టీకాలు దండగ అనుకోకండి తల్లీ. అందుకే ఒక్క టీకా కూడా తప్పకుండా, వేళకి వేయించాలి.

మీ థైరాయిడ్ సంగతి. జాబితాలో థైరాయిడ్ ఉంది కనుక అనుమానం రావడం తప్పు కాదు. కానీ వేలమందిలో కనబడే సంబంధం వేరు, ఒక మనిషికి వచ్చిన జబ్బుకి కారణం చెప్పడం వేరు. మన ఆడవాళ్లలో థైరాయిడ్ ఎంత మామూలో మీ చుట్టాల్లో లెక్కపెడితేనే తెలుస్తుంది, వాళ్లెవరూ న్యూజెర్సీ నీళ్లు తాగలేదు. మీరు ఆ ఇంటికి వచ్చిన ఏడాదికే వచ్చిందంటున్నారు, అంత తక్కువ కాలంలో అన్నది కూడా ఆలోచించాలి. ఏ డాక్టరూ మీకు అవునని గానీ కాదని గానీ ఖాయంగా చెప్పలేరు. కారణం ఏదైనా చికిత్స ఒక్కటే. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకోండి, కాన్పు తర్వాత డోసు మారుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష వేళకి చేయించుకోండి.

ఇప్పుడు మీ అంకె ఎంత పెద్దదో చూద్దాం. 22 పీపీటీ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే, ఆ వందరెట్ల లెక్కన, రక్తంలో మిల్లీలీటరుకి రెండు నానోగ్రాముల పైచిలుకు అదనంగా చేరుతుంది. మీరు మూడేళ్లే తాగారు కనుక అందులో సగం చిల్లర అనుకోండి. అమెరికాలో మామూలు జనం రక్తంలోనే ఒకటిన్నర దాకా ఉంటోంది, దాదాపు ప్రతి ఒక్కరిలోనూ. పార్కర్స్‌బర్గ్ చుట్టుపక్కల రక్తమిచ్చిన వాళ్లలో సగం మందికి 28 దాటి ఉంది. మీరు అక్కడ లేరు. హద్దు దాటిన నీళ్లు కనుక కంపెనీ బాగుచేయాల్సిందే, మీరు అడగాల్సిందే. కానీ పాప మొహం చూస్తూ ఏడవాల్సిన అంకె కాదిది.

హద్దుల మాట కూడా అర్థం చేసుకోండి, ఎందుకంటే ఒక్కో కాగితం మీద ఒక్కో అంకె కనబడి మీరు కంగారుపడతారు. న్యూజెర్సీ 2018లోనే పీఎఫ్‌ఎన్‌ఏ అనే పీఫాస్‌కి తాగునీటి హద్దు పెట్టింది, అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. 2020లో పీఎఫ్‌ఓఏకి 14, పీఎఫ్‌ఓఎస్‌కి 13 పీపీటీ పెట్టింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ ఈ రెండింటికీ దేశమంతటా 4 అంది. 2025 మేలో ఆ 4 అలాగే ఉంచుతాం, నీళ్ల కంపెనీలకి గడువు మాత్రం 2029 నుంచి 2031కి పెంచుతామని ప్రకటించింది. మీ పాప బడికి వెళ్లేదాకా అన్నమాట. కాబట్టి ఇంట్లో ఏర్పాటు మీరే చేసుకోవాలి. నాకు కోపం తెప్పించేదీ అదే, డబ్బు చేసుకున్నవాళ్లు వేరు, ఫిల్టర్ కొనుక్కోవాల్సిన వాళ్లు వేరు.

కాచడం ఆపమనండి అమ్మగారిని. సూక్ష్మజీవులు చావడానికి కాచడం మంచిదే, దీనికి పనికిరాదు. నీళ్లు ఆవిరైపోతాయి, పీఎఫ్‌ఓఏ అడుగున మిగులుతుంది, ఉన్నది ఇంకాస్త చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ కూడా కాచితే పోదు కదా, ఆ సంగతి ఆవిడకి తెలిసే ఉంటుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ని కిందికి దింపే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు, దీని దగ్గర అదీ పనిచేయదు. అల్ట్రావయొలెట్ దీపం పనిచేయదు. క్యాండిల్ ఫిల్టర్ పనిచేయదు.

పనిచేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి మన హైదరాబాద్ ఇళ్లలో గోడకి వేలాడే ఆర్‌ఓనే, అక్కడ సింకు కింద బిగిస్తారు. రెండోది యాక్టివేటెడ్ కార్బన్, అంటే రసాయనాల్ని పట్టుకునే బొగ్గు. డ్యూక్, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీల వాళ్లు 2020లో ఇళ్లలో వాడుతున్న ఫిల్టర్లనే తీసుకుని పరీక్షించారు. సింకు కింది ఆర్‌ఓలు, రెండంచెల ఫిల్టర్లు వాళ్లు కొలిచిన పీఫాస్‌లో 94 శాతం, ఆపైనే తీసేశాయి. కార్బన్ ఫిల్టర్లు సగటున 73 శాతం తీశాయి గానీ ఒక్కోటీ ఒక్కో రకంగా, కొన్ని బాగా, కొన్ని అసలు కాదు. ఫ్రిజ్‌లో ఉండేవి, జగ్గులో ఉండేవి చాలావాటిని రుచికీ క్లోరిన్ వాసనకీ చేశారు. కొనేటప్పుడు డబ్బా మీద ఫిల్టర్లకి ప్రమాణాలు పెట్టే ఎన్‌ఎస్‌ఎఫ్ సంస్థ గుర్తు చూడండి. ఆర్‌ఓ అయితే 58, కార్బన్ అయితే 53 అని ఉండాలి, పక్కన పీఎఫ్‌ఓఏ తగ్గిస్తుందని రాసి ఉండాలి. 42 అని మాత్రమే ఉంటే అది రుచికి. మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంది కనుక నా మాట ఆర్‌ఓకే. అద్దె ఇల్లయితే కౌంటరు మీద పెట్టుకునేవి దొరుకుతాయి. బిగించిన రోజు తేదీ దాని మీదే స్కెచ్ పెన్నుతో రాసిపెట్టండి. కార్బన్ నిండిపోయాక మార్చకపోతే పట్టుకున్నదాన్నే మళ్లీ వదులుతుంది, అది ఫిల్టర్ లేకపోవడం కంటే మెరుగేం కాదు.

ఆ నీళ్లు తాగడానికి ఒక్కటే కాదు, వంటకి కూడా. ఇది మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడివాళ్ల వంటలో నీళ్లు తక్కువ, మన వంటంతా నీళ్లే. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు కుక్కర్లో పోస్తే ఆ నీళ్లన్నీ అన్నంలోకే పోతాయి. పప్పు, చారు, టీ, మజ్జిగ, బాలింతకి పెట్టే మిరియాల కషాయం. చారు మరగబెట్టి సగం చేస్తే అందులోదీ చిక్కబడుతుంది. బియ్యం కడగడానికి మామూలు కుళాయి నీళ్లు వాడండి, ఎసరు మాత్రం ఆర్‌ఓ నీళ్లు. స్నానానికి, గిన్నెలకి, పాప బట్టలకి కుళాయి నీళ్లు భయం లేకుండా వాడండి. చర్మంలోంచి లోపలికి పోయేది చాలా తక్కువ. పాపకి స్నానం చేయిస్తూ నోట్లోకి పోతాయేమోనని వణకక్కర్లేదు.

బాటిళ్లు ఆర్‌ఓ బిగించేదాకా నాలుగు రోజులు సరే. బాటిల్ నీళ్లలో పీఫాస్ లేదనే హామీ ఏదీ లేదు, కేసులు మోస్తే మీ వారి నడుమూ పోతుంది.

నాన్‌స్టిక్ గిన్నెలు గరాజ్‌లో పెట్టేశారన్నారు. అక్కడ కంగారు కాస్త ఎక్కువైంది. గిన్నె మీద పూతగా ఉన్న టెఫ్లాన్ పెద్ద పెద్ద గొలుసుల ప్లాస్టిక్, గీసుకుపోయిన పెచ్చు పొరపాటున కడుపులోకి వెళ్లినా అరగకుండా బయటికి పోతుంది. ఆ పూత చేసేటప్పుడు వాడే పీఎఫ్‌ఓఏతోనే అసలు గొడవ, అమెరికాలో పెద్ద కంపెనీలు 2015 నాటికి దాన్ని వాడటం మానేశాయి. దాని బదులు తెచ్చినవీ ఇదే కుటుంబం. జెనెక్స్ అనేది ఒకటి, 2017లో నార్త్ కరోలినాలో కేప్ ఫియర్ నది నీళ్లలో బయటపడింది. అలా కొనేవాడి ఇల్లు బాగానే ఉన్నా, చేసే ఊరు పాడవుతోంది. మిన్నెసోటా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి ఈ పూత ఉన్న వంటసామాన్లు అమ్మకూడదని చట్టం తెచ్చింది. కొత్తవి కొనొద్దని నేనూ అంటాను. ఉన్నవాటితో ఒక్క జాగ్రత్త. దోసె కోసం ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెట్టి పక్కకి వెళ్లకండి. 260 డిగ్రీలు దాటితే పూత చెడడం మొదలవుతుంది, ఇంకా పైకి పోతే వచ్చే పొగకి మనిషికి జ్వరం వచ్చినట్టవుతుంది, ఇంట్లో చిలక ఉంటే చచ్చిపోతుంది.

దోసెలకి మాత్రం మా అమ్మ ఇనప పెనం లాంటిది ఒకటి తెచ్చుకోండి. ఎర్రటి ఉల్లిపాయని సగానికి కోసి, ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి, కాలిన పెనం మీద గుండ్రంగా రుద్దితే చుయ్యిమని శబ్దం వచ్చి కమ్మటి వాసన లేస్తుంది. మొదటి రెండు దోసెలు అంటుకుంటాయి, అవి పెనానికే. మూడోది అంచు దానంతటదే లేస్తుంది. నెలరోజులు అలా వాడితే నల్లగా నిగనిగలాడుతుంది, ఏ పూతా అక్కర్లేదు.

ఇంట్లో నేను పట్టించుకునే ఇంకో వస్తువు మీ ఉత్తరంలో లేదు. కార్పెట్. అక్కడి ఇళ్లలో గోడ నుంచి గోడ దాకా పరిచి ఉంటుంది, పాతవాటికి మరక పట్టకుండా ఈ రసాయనాల పూత ఉండొచ్చు. రెండు మూడు నెలల్లో పాప పాకుతుంది, అరచేతులు కార్పెట్ మీద, ఆ అరచేతులే నోట్లో. వారానికి రెండుసార్లు వాక్యూమ్ చేయండి, కట్టె నేలైతే తడిబట్టతో తుడవండి, పాప ఆడుకునే చోట ఉతికే నూలు దుప్పటి పరవండి. సోఫాకి మరక పట్టని స్ప్రే కొట్టిస్తామంటే వద్దనండి. మైక్రోవేవ్ పాప్‌కార్న్ సంచులు, నూనె పీల్చని పలహారాల కాగితాలు ఒకప్పుడు ఇదే పూతతో వచ్చేవి. అమెరికాలో అలాంటి పూతల అమ్మకం ఆగిపోయిందని 2024లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ ప్రకటించింది. వేడి పదార్థాన్ని ఇంటికి తేగానే స్టీలు గిన్నెలోకి మార్చుకోవడం మాత్రం ఎప్పటికీ మంచి అలవాటే.

రక్తపరీక్ష. అమెరికాలో దొరుకుతుంది. అక్కడి నేషనల్ అకాడమీస్ అనే శాస్త్రవేత్తల సంస్థ 2022లో డాక్టర్ల కోసం దారి చూపింది. కొన్ని పీఫాస్‌ల మొత్తం మిల్లీలీటరుకి రెండు నానోగ్రాములలోపు ఉంటే చింత లేదు, రెండు నుంచి ఇరవై మధ్య ఉంటే ముఖ్యంగా కొలెస్ట్రాల్, గర్భిణుల్లో బీపీ, వయసుకి తగ్గ రొమ్ము క్యాన్సర్ పరీక్షల మీద శ్రద్ధ పెట్టాలి, ఇరవై దాటితే థైరాయిడ్, కిడ్నీ కూడా చూస్తుండాలి అని. నీళ్లు హద్దు దాటాయి కనుక మీరు అడిగితే డాక్టరు కాదనకూడదు. కానీ ఆ అంకె మీకు ఏ జబ్బు వస్తుందో చెప్పదు, తగ్గించే మందూ చేతిలో పెట్టదు. నేనైతే ఆ డబ్బు ముందు ఆర్‌ఓ మీద పెడతాను. నోటీసు కాగితాన్ని డాక్టరుకి చూపించి ఫైల్లో పెట్టమనండి, మీదీ పాపదీ ఇద్దరిదీ. ఒంట్లోంచి కడిగేస్తామని ఆన్‌లైన్లో అమ్మే డీటాక్స్ పొడులు కొనొద్దు, పాలిచ్చే తల్లి అసలే వద్దు. రక్తం లేదా ప్లాస్మా ఇస్తే పీఫాస్ తగ్గుతుందని ఆస్ట్రేలియా ఫైర్‌మెన్ మీద జరిగిన పరీక్షలో 2022లో తేలింది. మీ వారికి రక్తదానం అలవాటుంటే ఇవ్వనివ్వండి. మీకు మాత్రం ఇప్పుడు కాదు.

హైదరాబాద్ వచ్చేస్తే తప్పుతుందా అన్నారు. దీనికి మీకు నచ్చే జవాబు నా దగ్గర లేదు. న్యూజెర్సీలో మీకు ఉత్తరం వచ్చిందంటే అక్కడ కొలుస్తున్నారు కనుక. మన తాగునీటి ప్రమాణాల పుస్తకం ఐఎస్ 10500లో పీఫాస్‌కి హద్దే లేదు. నేను పనిచేసిన ల్యాబులో రోజూ ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పుదనం కొలిచాం, దీన్ని ఒక్కసారి కూడా కొలవలేదు, కొలిచే యంత్రమూ లేదు. పటాన్‌చెరు కాలుష్యం మనకి ఎప్పటినుంచో తెలుసు, కానీ అక్కడి శుద్ధి కేంద్రం నీళ్లలో యాంటీబయాటిక్ ఎంత మోతాదులో ఉందో 2007లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చెప్పాకే ప్రపంచం ఉలిక్కిపడింది. కొలవనిది లేనట్టు కాదు.

పైగా సరుకు ఇటు వస్తోంది. ఇటలీలో విచెంజా దగ్గర మితెని అనే పీఫాస్ ఫ్యాక్టరీ మూడున్నర లక్షల మంది ఉండే ప్రాంతంలో నీళ్లు పాడుచేసి 2018లో దివాలా తీసింది. 2025 జూన్‌లో అక్కడి కోర్టు పదకొండు మంది కంపెనీ అధికారులకి జైలుశిక్ష వేసింది. ఆ ఫ్యాక్టరీ యంత్రాలని ఒక భారతీయ కంపెనీ వేలంలో కొని, మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని లోటే పరశురాం పారిశ్రామికవాడకి తెచ్చి బిగించింది. విచెంజా దగ్గరి ఆ ఇటాలియన్ తల్లులు పిల్లల రక్తపరీక్షల అంకెలు టీషర్టుల మీద రాసుకుని కోర్టు ముందు నిలబడ్డారు. రత్నగిరి తల్లులకి ఏ అంకె రాసుకోవాలో కూడా తెలియదు, ముందు కొలిచేవాళ్లు కావాలి. మన దగ్గరా హద్దు పెట్టమని, కొలవమని అడిగేవాళ్లలో మీలాగా ఒకసారి ఆ నోటీసు అందుకున్నవాళ్లు ఉండాలి. రెండేళ్ల తర్వాత వచ్చినప్పుడు ఆ కాగితం పారేయకుండా తెచ్చుకోండి. హైదరాబాద్‌లో ఎలాగూ ఆర్‌ఓ పెట్టుకుంటారు, అది మీకు ఇక్కడా పనికొస్తుంది.

పాపకి నాలుగో నెల అన్నారు, అంటే అన్నప్రాసనకి ఇంకా రెండు నెలలు ఉంది. ఆ లోపల ఆర్‌ఓ బిగించేయండి. ఆ రోజు పరమాన్నానికి బియ్యం ఉడికించే నీళ్లు అందులోంచే పట్టుకోమని అమ్మగారితో చెప్పండి.